ప్లేస్కూల్లో జారుడుబల్ల కింద: ఇసుకా, రబ్బరు మ్యాటా?

చాలా ప్లేస్కూళ్లు రంగుల రబ్బరు మ్యాట్‌కే మొగ్గుతున్నాయి. తుడిస్తే శుభ్రం, బట్టలకు మట్టి అంటదు, తల్లిదండ్రుల ఫిర్యాదులూ తక్కువ. కానీ మన ఎండాకాలంలో మధ్యాహ్నం ముదురు రంగు మ్యాట్ మీద ఒట్టి కాళ్లు పెట్టలేం. సిమెంటు మీద పలచటి మ్యాట్ పరిస్తే పడ్డప్పుడు దెబ్బా ఆగదు. కొనేటప్పుడు రంగు కాదు, మందం చూడాలి.

ఇసుకలో పిల్లలకు పని దొరుకుతుంది. తడి ఇసుకలో పాదం దాచి పిచ్చుకగూడు కట్టడం, కొబ్బరిచిప్పతో కొలిచి పోయడం, ఒకడు తవ్విన కాలువలో ఇంకొకడు నీళ్లు వదలడం, ఆ తర్వాత గొడవ, మళ్లీ రాజీ. మ్యాట్ మీద గెంతడం తప్ప ఇంకేముంది?

అయితే చాకిరీ ఎక్కువే. 4 అడుగుల ఎత్తు నుంచి పడితే ఆపడానికి కనీసం 9 అంగుళాల లోతు ఇసుక ఉండాలని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ చెబుతుంది. పిల్లలు దిగేచోట ఇసుక పక్కకు జరిగిపోతుంది, రోజూ సర్దాలి. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే పిల్లులు పాడుచేస్తాయి.

చెట్టు నీడ, ఓపికున్న ఆయా ఉంటే నా ఓటు ఇసుకకే. మేడ మీద నడిచే స్కూలుకు మ్యాట్ తప్పదు, పక్కన ఒక టబ్బు ఇసుకైనా పెట్టండి.