ఐజీసీఎస్‌ఈ రెండేళ్లు, ఐబీ రెండేళ్లు: మా ఇంటి అనుభవం

మస్కట్‌లో ఉన్న మా మరిది కొడుకు ఈ ఏడు తొమ్మిదిలోకి వస్తున్నాడు. "వదినా, సీబీఎస్‌ఈలోనే ఉంచమంటావా, కేంబ్రిడ్జిలో వేయమంటావా?" అని వారానికోసారి ఫోన్. మా అమ్మాయి అక్కడే రెండేళ్లు ఐజీసీఎస్‌ఈ, అంటే కేంబ్రిడ్జివాళ్ల తొమ్మిది, పది తరగతుల కోర్సు చదివింది. మా ఆయనకు బెంగళూరు బదిలీ అయ్యాక వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక స్కూల్లో ఐబీ డిప్లొమా (ఇంటర్నేషనల్ బాకలారియేట్, పదకొండు, పన్నెండు తరగతులకు) పూర్తి చేసింది. మరిదికి ముక్కలుముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తున్నాను.

ఐజీసీఎస్‌ఈ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగుంది. దేశం మారినా అదే సిలబస్ దొరుకుతుందని తీసుకున్నాం, దొరికింది. బట్టీ పట్టే అలవాటున్న పిల్లలకు మొదట్లో మార్కులు రావు. ఆరు నెలలు ఓపిక పట్టాలి, అంతే.

అసలు కథ పదకొండులో మొదలైంది. ఐబీలో ఆరు సబ్జెక్టులు. మామూలుగా మూడు హైయర్ లెవల్, మూడు స్టాండర్డ్. ఒక్కోదానికి 7 పాయింట్ల చొప్పున 42. థియరీ ఆఫ్ నాలెడ్జ్ (మనకు తెలిసింది ఎలా తెలిసిందని ప్రశ్నించే పాఠం), ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం) రెంటికీ కలిపి ఇంకో 3. మా మామగారికి ఈ లెక్క ఇప్పటికీ మింగుడుపడలేదు. "45కి 35 అంటే ఫస్ట్ క్లాసేనా అమ్మా?" అంటారు.

ఏ బోర్డు అని ఆరు నెలలు తర్జనభర్జన పడ్డవాళ్లం, స్కూలు మొదటి వారంలో చేతికిచ్చిన సబ్జెక్టుల ఫారం మాత్రం అరగంటలో నింపేశాం. అక్కడే దెబ్బతిన్నాం. మ్యాథ్స్‌లో రెండు దారులున్నాయి. అనాలిసిస్ అండ్ అప్రోచెస్‌లో ఆల్జీబ్రా, క్యాలిక్యులస్ ఎక్కువ. అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్‌లో స్టాటిస్టిక్స్, మోడలింగ్ ఎక్కువ. రెండోది సులువని కౌన్సెలర్ అంటే, అదీ స్టాండర్డ్ లెవల్లో పెట్టించాం. దసరా సెలవుల్లో పిల్ల యూనివర్సిటీల వెబ్‌సైట్లు చూసి మొహం వేలాడేసుకుని వచ్చింది. తను అనుకున్న ఇంజనీరింగ్ కోర్సులకు హైయర్ మ్యాథ్స్ తప్పనిసరి, రెండు చోట్ల అనాలిసిసే కావాలన్నారు. స్కూలువాళ్లను బతిమాలి మార్పించాం. స్టాండర్డ్‌కు 150 గంటల బోధన అయితే హైయర్‌కు 240. తప్పిపోయిన పాఠాలు అందుకోవడానికి సంక్రాంతి దాకా ఆదివారాలన్నీ పోయాయి. ఆ ఏడు పండక్కి కడప వెళ్లనేలేదు.

ఇంటర్‌లోలాగా వీక్లీ టెస్టులు, ర్యాంకులు ఉండవు కాబట్టి హాయి అనుకున్నాను. హాయి ఎక్కడ! సబ్జెక్టుకో ఇంటర్నల్ అసెస్‌మెంట్ (స్కూల్లో ఉండగానే చేసి ఇచ్చే పని), సైన్సుల్లో మార్కుల్లో 20 శాతం దానిదే. 4,000 పదాల ఆ ఎక్స్‌టెండెడ్ ఎస్సే కోసం మా అమ్మాయి వర్తూరు చెరువు నీళ్లలో ఫాస్ఫేట్ ఎంతుందో కొలిచింది. రెండు నెలలపాటు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చెరువు నీళ్ల సీసాలు. చదువుతోపాటు సేవ కూడా చేయాలి. పక్క సైట్‌లో పనిచేసే కర్నూలు కూలీల పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పింది. అది ఇష్టంగా చేసింది. దానివల్ల ఏం నేర్చుకున్నావో మళ్లీ రిఫ్లెక్షన్ రాయమంటేనే విసుక్కునేది. నిజం చెప్పాలంటే నాకూ విసుగే. అయినా నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, ఏ మాటకైనా ఆధారం అడగటం ఈ రెండేళ్లలోనే వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో నేను ఏమన్నా "ఎవరు చెప్పారమ్మా?" అంటుంది.

టెన్షన్ పెట్టింది క్యాలెండర్. పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మేలో అవుతాయి. ఇక్కడి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఎంట్రన్స్ కామెడ్‌కే కూడా మేలోనే. ఫలితాలు జూలై మొదటి వారానికి గాని రావు. అప్పటికి మన దగ్గర సీట్ల హడావిడి సగం అయిపోతుంది. బ్రిటన్ యూనివర్సిటీ ఆఫర్‌కు 34 పాయింట్లు, మ్యాథ్స్‌లో 6 షరతు. రాకపోతే ఎలా అని ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో సీటుకు డబ్బు కట్టాం. 35 వచ్చింది, మ్యాథ్స్‌లో సరిగ్గా 6. కాలేజీకి కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

జేఈఈయే లక్ష్యమైతే ఐబీ జోలికి పోకండి. మా పై ఫ్లోర్ అబ్బాయి రెండు పడవల మీద కాళ్లు పెట్టి, నాలుగు నెలలకే సీబీఎస్‌ఈకి మారిపోయాడు. రెండు మూడు సబ్జెక్టుల మీదే ప్రాణం పెట్టే పిల్లలకు ఐజీసీఎస్‌ఈ తర్వాత కేంబ్రిడ్జివాళ్లదే ‘ఎ-లెవల్స్’ (A Levels) కోర్సు మేలు. అన్నీ కొంచెం కొంచెం ఇష్టమయ్యేవాళ్లకు ఐబీ నప్పుతుంది. ఫీజు సంగతి వేరే చెప్పాలా, మా ఇద్దరి జీతాల్లో ఒకటి స్కూలుకే పోయింది.

ఇంకొకటి. ఐబీ మ్యాథ్స్‌కు కావాల్సిన గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కొత్తది కొనకండి, పాసైపోయిన పిల్లల దగ్గర తక్కువకే దొరుకుతుంది. మా టీఐ-84ను మరిది కొడుకు కోసం బ్యాటరీ చార్జ్ చేసి పక్కన పెట్టాను.