హనుమకొండలో డ్యూయల్ బూట్ చేయించుకోబోయేవారు ముందుగా ఇది చదవండి

ఈ సాయంత్రమే జరిగింది కనుక కోపం ఇంకా చల్లారలేదు. మాట ఎక్కడైనా కటువుగా పడితే మన్నించండి. దుకాణం పేరు రాయను. చౌరస్తా చుట్టుపక్కల లాప్‌టాప్ సంకన పెట్టుకుని తిరిగినవారిలో చాలామందికి ఆ ఇరుకు మెట్లు, ఆ కౌంటరు తెలిసే ఉంటాయి. "అక్కడ బాగా చేస్తారు" అన్న అలాంటివారి మాట మీదే నేనూ వెళ్ళాను.

పని చిన్నది, ఒకే లాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టించడం. దాన్నే డ్యూయల్ బూట్ అంటారు. మా అమ్మాయికి కాలేజీ ల్యాబు కోసం ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే మరో సిస్టమ్) కావాలి, ఇంట్లో ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. నేను విండోస్ వదలలేను. ఇంటర్ తెలుగు మీడియం పిల్లల కోసం రాస్తున్న భౌతికశాస్త్రం నోట్సు అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, "అను" అనే తెలుగు ఫాంట్లతో ఉంది, ఆ పేజ్‌మేకర్ ఉబుంటులో నేరుగా నడవదు. అందుకని 512 జీబీల డిస్కులో 60 జీబీలు ఉబుంటుకు ఇచ్చి, మిగిలినదాన్ని తాకకుండా, ఆన్ చేసినప్పుడు రెండింటిలో ఏది కావాలో అడిగేలా ఏర్పాటు చేయమన్నాను. "గంటన్నరల అయితది సార్, రోజు చేస్తనే ఉంటం" అన్నాడు కౌంటర్లోని అబ్బాయి. పన్నెండు వందలు చెప్పి వెయ్యికి ఒప్పుకున్నాడు. రెండు వందలు తగ్గించానన్న సంబరంలో, "ఇందులో ఉన్నవన్నీ అలాగే ఉంటాయి కదా" అన్న ఒక్క ప్రశ్న నా నోట రాలేదు. తాకకుండా అంటే తాకకుండా అనే అర్థమని నేను అనుకున్నాను.

హంటర్ రోడ్డులో ఒక పని చూసుకుని తిరిగి వచ్చేసరికి లాప్‌టాప్ సిద్ధంగా ఉంది. ఆన్ చేయగానే తెర మీద ఉబుంటు ఒక వరుసలో, విండోస్ మరో వరుసలో కనిపించాయి. ముచ్చటపడి అక్కడికక్కడే ఫోన్ నుంచి వెయ్యి రూపాయలు పంపించాను. పంపించిన తరువాత విండోస్ తెరిచాను. డెస్క్‌టాప్ మీద చెత్తబుట్ట బొమ్మ తప్ప ఏమీ లేదు.

"తమ్ముడూ, నా ఫైళ్ళు ఏవి?"

"ఏ ఫైల్స్ సార్?"

"ఇందులో ఉన్నవి. డీ డ్రైవ్‌లో నోట్సు అని ఫోల్డర్ ఉండాలి."

ఎవరిదో ఫోన్‌కు అద్దం అంటిస్తున్నవాడు తల కూడా ఎత్తలేదు. "మొత్తం ఫ్రెష్‌గ ఏసిన సార్. స్పీడ్ గూడ పెరిగింది, చూడుండ్రి."

నాలుగు నెలలుగా రోజూ రాత్రి పదింటి దాకా కూర్చుని టైపు చేసిన అధ్యాయాలు పోయాయని చెబుతుంటే, స్పీడు పెరిగిందట. పెరగదా మరి, లోపల మోయవలసిన బరువే లేకపోతే! నా గొంతు కొంచెం పెరిగింది. లోపలి గది నుంచి యజమాని వచ్చి, విషయం వినకుండానే, "బోర్డు మీద రాసినం గద సార్, డేటాకు మా జిమ్మెదారి లేదని" అన్నాడు. ఏ బోర్డు అని అడిగాను. ఆయన గోడ వైపు వేలు చూపించాడు. అక్కడ నాకు చిట్‌ఫండ్ కంపెనీ క్యాలెండర్ ఒక్కటే కనిపించింది. చివరకు ఆయనే లేచి, క్యాలెండర్‌ను పైకెత్తి పట్టుకుని, వెనుక ఉన్న అట్టముక్కను చదువుకోమన్నట్టు నా వైపు చూశాడు. నిజమే, రాసి ఉంది. నా కోసమే ఎత్తి పట్టుకున్న ఆ చెయ్యి నాకు చాలా రోజులు గుర్తుంటుంది. చదవడం అయిపోయిందనుకున్నాడేమో, క్యాలెండర్‌ను వదిలేసి, "రికవరీ కావాల్నంటే ఏడు వేలయితయి, గ్యారంటీ మాత్రం ఉండదు" అని అదే ఊపిరిలో చెప్పాడు. పోగొట్టింది వారే, వెతికిపెట్టడానికి ధర చెప్పిందీ వారే.

తరువాత ఆ అబ్బాయిని బతిమాలి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఉబుంటు ఎక్కించడానికి ముందు అతడు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందే నడిచే లాప్‌టాప్ మూల సెట్టింగులలోకి) వెళ్ళి సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సిస్టమ్‌నే నడవనిచ్చే రక్షణ) ఆపేశాడు. ఉబుంటు సెక్యూర్ బూట్ ఉండగానే నడుస్తుంది, దాన్ని ఆపవలసిన అవసరమే లేదు. విండోస్ 11తో వచ్చే చాలా లాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లోపలికి వెళ్ళగానే డిస్కులోని ఫైళ్ళను కీ లేనివారు చదవలేకుండా చేసే బిట్‌లాకర్ తాళం దానంతటదే పడి ఉంటుంది, మనకు చెప్పదు. బయోస్‌లో ఇలాంటి మార్పు జరిగితే ఆ తాళానికి అనుమానం వచ్చి, నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అడిగింది. "ఏదో పెద్ద నెంబర్ అడిగింది సార్, అది మా కాడ యాడుంటది?" అన్నాడు. అతని దగ్గర ఉండదు, నిజమే. నా ఖాతాలో ఉంటుంది. ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు. ఫోన్ చేసి ఉంటే హంటర్ రోడ్డు మీద నిలబడి చదివి వినిపించేవాడిని. అసలు కీ కూడా అక్కరలేకుండా, ఆపిన సెట్టింగును మళ్ళీ మొదటిలా పెట్టి ఉంటే ఆ తెర చాలావరకు దానంతటదే తొలగిపోయి ఉండేది.

ఉబుంటు ఇన్‌స్టాలర్ కూడా, డిస్కుకు బిట్‌లాకర్ ఉంది, విండోస్‌లోకి వెళ్ళి దాని సంగతి చూసుకోండి, లేదా డిస్కు మొత్తం చెరపండి అనే అర్థం వచ్చేలా స్పష్టంగానే చెబుతుంది. మనవాడు రెండో దారి పట్టాడు. మొత్తం చెరిపి, తన పెన్‌డ్రైవ్‌లోని విండోస్ వేసి, డిస్కును సరిసగం చేసి, పక్కన ఉబుంటు పెట్టాడు. ఒక్క ఫోన్ ఎందుకు చేయలేదని అడిగితే, "మీరు అర్జెంట్ అన్నరు గద సార్" అన్నాడు. నేను అర్జెంట్ అన్న మాట నిజమే. రెండు సిస్టమ్‌లు కావాలన్నాను, రెండూ ఇచ్చారు. మొదటి నుంచీ నాది అయినది మాత్రం ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక సికింద్రాబాద్‌లో ఈ పని చేసే ఒక పరిచయస్థుడికి ఫోన్ చేశాను. ఆయన ఏడు వేలు కాదు, ఏడు రూపాయలు కూడా ఖర్చుపెట్టవద్దన్నాడు. పాత హార్డ్ డిస్కులలో చెరిపిన సమాచారం, దాని మీద మరొకటి రాసేదాకా కొంత మిగిలి ఉండేదట. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు, అందులో అయితే ఖాళీ అయిన చోటును ట్రిమ్ అనే ఆదేశం తుడిచిపెట్టించేస్తుంది. ఎక్కడైనా ముక్కలు మిగిలినా అవి బిట్‌లాకర్ గుప్తలిపిలోకి మార్చినవి, వాటిని విప్పే వివరాలు ఆ డిస్కు మీదే ఉండి వాటితోపాటే పోయాయి కనుక, ఇప్పుడు నా 48 అంకెలు ఉన్నా లేనట్టే.

ఇంకొక కానుక కూడా ఉంది. కొన్నప్పుడు లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్, డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్సు. ఇప్పుడు చూస్తే ప్రో అని ఉంది; వైరస్ రక్షణ ఆపేసి ఉంది, డౌన్‌లోడ్స్‌లో లైసెన్సు లేని విండోస్‌ను అసలైనదిలా చూపించే దొంగ యాక్టివేటర్ కూర్చుని ఉంది. ఆ హోమ్ తాలూకు లైసెన్సు కీ, డిస్కులో కాకుండా లాప్‌టాప్ బోర్డు మీద ఉండే ఫర్మ్‌వేర్‌లోనే భద్రంగా ఉంటుంది, అదే రకం విండోస్ వేసి ఉంటే నెట్ తగలగానే దానంతటదే అసలైనదిగా గుర్తించుకునేది. ఉన్న సొత్తు తీసేసి దొంగసొత్తు పెట్టడానికి కూడా నేనే వెయ్యి రూపాయలు ఇచ్చాను.

తిట్టుకోవలసింది నన్ను కూడా. ప్రయోగశాలలో రీడింగు రెండుసార్లు తీసుకోకపోతే పిల్లల రికార్డు వెనక్కి ఇచ్చేసేవాడిని నేను. దసరా సెలవుల్లో ఒక పెన్‌డ్రైవ్‌లో నోట్సు కాపీ చేసి పెట్టాను, ఆ తరువాత రాసినదేదీ అందులో వేయలేదు. సంక్రాంతి దాకా రాసిన ఐదు అధ్యాయాలు అందుకే లేవు.

వెళ్ళక తప్పనివారు ముందు ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి తీసుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ బిట్‌లాకర్ తాళానికే అక్కడి పేరు) ఉందో లేదో చూసి, ఉంటే మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీ చూసి కాగితం మీద రాసుకోండి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఖాళీ చోటును మీరే విడదీసి ఇవ్వండి, పక్కనే కూర్చోండి, డబ్బు చివర ఇవ్వండి. క్యాలెండర్ ఉంటే ఎత్తి చూడండి.

నోట్సులో ఉష్ణగతికశాస్త్రం, డోలనాల అధ్యాయాలను డిసెంబరులో కొందరు పిల్లలకు జిరాక్స్ తీసి ఇచ్చాను. ఆ కాగితాలు మీ ఇళ్ళలో ఎవరి దగ్గరైనా ఉంటే, గీతలు గీసి ఉన్నా, మరకలు పడినా పరవాలేదు, ఒక్కసారి ఫొటో తీసి పంపండి. టైపు నేను మళ్ళీ చేసుకుంటాను.