నెవాడా ఎడారిలో టోపోవ్యూ: చాలాకాలం వాడాక

నెవాడాలోని నై కౌంటీ లోయల్లో తిరిగేవాళ్లకి నేను ముందు చెప్పేది టోపోవ్యూ గురించే. అమెరికా జియలాజికల్ సర్వే 1884 నుంచి 2006 దాకా అచ్చేసిన టోపో షీట్లని, అంటే కొండలూ లోయలూ దారులూ చూపే మ్యాపుల్ని, స్కాన్ చేసి ఉచితంగా పెట్టిన సైట్ ఇది. కొన్నేళ్లుగా వాడుతున్నాను, పశువుల రాంచ్‌లున్న ఎడారికి కొత్త మ్యాపుల కన్నా ఇవే నయం.

ఎందుకంటే 2009 నుంచి అదే సంస్థ తెస్తున్న యూఎస్ టోపో అనే కొత్త షీట్లు కంప్యూటర్ డేటా నుంచి తయారవుతాయి, కంచెలు, గాలిమరలు, పశువుల దొడ్లు వాటిలో చాలావరకు కనపడవు. పాత 1:24,000 షీట్లయితే (మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద 24,000 సెంటీమీటర్లు) ఏరియల్ ఫోటోలతో గీశాక మనిషి వెళ్లి సరిచూసినవి. మట్టిదారులన్నీ నలువైపుల నుంచీ వచ్చి ఒకే చోట ఎందుకు కలుస్తున్నాయా అని జూమ్ చేస్తే అక్కడో ఊట, పక్కనే దొడ్డి, కాస్త అవతల గాలిమర. అదే లోయకి 1900ల తొలినాళ్ల 1:2,50,000 షీట్ తెరిస్తే రాంచ్ పేరూ బండిబాటా తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఇలా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే నాకు రాత్రి ఒంటిగంట ఎప్పుడవుతుందో తెలీదు.

షీట్ పేరు పక్కనున్న సంవత్సరం ఒక్కటే చూసి వదిలేయకండి. కింద అంచున ఫోటోలు ఎప్పుడు తీశారో, నేల మీద ఎప్పుడు సరిచూశారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఊదా రంగులో ఉన్నవి తర్వాత ఫోటోలు చూసి చేర్చినవి, వాటిని కాస్త అనుమానంగానే చూడాలి.

ఇంకోటి, ఇవి ఎక్కువగా 1927 నాటి డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం) మీద వేసినవి, జీపీఎస్‌ది వేరే డేటమ్. అంచున ఉన్న అక్షాంశ రేఖాంశాల్ని అలాగే జీపీఎస్‌లో కొడితే నెవాడాలో దాదాపు 80 మీటర్లు తేడా వస్తుంది. నేను మొదట్లో వాడిన ఒక ఫోన్ యాప్ ఆ తేడా పట్టించుకోకుండా వాగుకి ఇవతలున్న ఊటని అవతలి గట్టెక్కించింది. సైట్‌లో ఇచ్చే జియోటిఫ్ ఫైల్ (ఏ డేటమో కూడా తనలోనే ఉండే మ్యాపు బొమ్మ) దించుకుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఈ గొడవ లేదు. ఫైళ్లు బరువే, టోనోపా ఊరు దాటాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా ఇంట్లోనే దించుకోండి.

మ్యాపులో ఊట ఉంది కదా అని నీళ్లు మాత్రం తగ్గించుకోవద్దు. 1960లనాటి ఊట ఎండిపోయి ఉండొచ్చు, గాలిమర తీసేసి ఇంకోచోట సోలార్ పంపు పెట్టి ఉండొచ్చు. నీళ్లున్నా సరే, పశువులకీ అడవి జంతువులకీ దారి మూసుకుపోయేలా నీటిగుంటకి 100 గజాల లోపు టెంట్ వేస్తే నెవాడాలో అది నేరం.