పాత కంప్యూటర్ ఇచ్చి కొత్తది కొనడం: పదకొండేళ్లలో నాలుగుసార్లు చేశాక

మాది హనుమకొండలో చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, ఆధార్ జిరాక్సులు. కంప్యూటర్ పని చెయ్యకపోతే ఆ పూట షాపు మూసుకోవాల్సిందే. అందుకని మూడు నాలుగేళ్లకోసారి కొత్త మిషన్ కొనక తప్పదు. కొనేటప్పుడల్లా పాతది ఏం చెయ్యాలన్న తలనొప్పీ తప్పదు. 2014 నుంచి ఇప్పటివరకు నాలుగుసార్లు ఎక్స్ఛేంజ్‌కి వెళ్లాను. ఒకసారి లాభపడ్డాను, రెండుసార్లు నష్టపోయాను, నాలుగోసారి ఆఖరి నిమిషంలో వద్దనుకున్నాను.

నన్ను షాపుకి తరిమింది ఎక్కువగా విండోసే. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోయాయి. మా పెంటియం 4 డబ్బా అప్పటికే ఆయాసపడుతోంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి నాలుగు షాపులు తిరిగాను. అసెంబుల్డ్ మిషన్ కొంటే సీపీయూకి పదిహేను వందలు తగ్గిస్తామన్నారు ఒకచోట. పదిహేడు అంగుళాల లావు మానిటర్ సంగతి అడిగితే కుర్రాడు నవ్వేశాడు. "అది ఇక్కడికి తేకండి సార్, పెట్టడానికి జాగా లేదు" అన్నాడు. ఇంకోసారి వెళ్లినప్పుడు సీపీయూ మాత్రం గోనెసంచిలో కట్టి రైల్లో పట్టుకెళ్లాను. రానూపోనూ ఖర్చులు, కూలీ, ఒక రోజు పని పోను చేతికి మిగిలింది దాదాపు ఏమీ లేదు.

మానిటర్‌ని "పాత ఇనుప సామాన్లు కొంటాం" అంటూ వచ్చే బండికి ఇచ్చాం. ఎనభై రూపాయలు ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత మా వీధి చివర కాలువ పక్కన పగిలిన పిక్చర్ ట్యూబ్ కనిపించింది. వెనక రాగి తీగ చుట్ట మాత్రం లేదు. అతనికి కావాల్సింది ఆ రాగే. ఆ గాజులో సీసం ఉంటుందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. నాదే అయి ఉండకపోవచ్చు అని ఇప్పటికీ అనుకోవాలని చూస్తాను గానీ, మా వీధిలో అంత పెద్ద మానిటర్ ఇంకెవరికుంది?

రెండోసారి 2017 దసరాకి. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్స్ఛేంజ్ లెక్క నాకు అర్థమైంది ఇక్కడే.

ఒక పెద్ద షోరూమ్‌లో బోర్డు పెట్టారు: పనిచేసినా చెయ్యకపోయినా సరే, ఏ పాత లాప్‌టాప్ తెచ్చినా అయిదు వేలు తగ్గింపు. నా దగ్గర 2013 నాటి లాప్‌టాప్ ఉంది. కీబోర్డులో రెండు అక్షరాలు పడవు, బ్యాటరీ పది నిమిషాలు. దీనికి అయిదు వేలా అని ఎగిరి గంతేశాను. కొత్తది స్టిక్కర్ ధర నలభై ఏడు వేలు, నాకు నలభై రెండు వేలకి వచ్చింది. అదే వారంలో మా పక్క షాపు టాక్స్ కన్సల్టెంట్ అదే మోడల్, అదే షోరూమ్‌లో కొన్నాడు. పాతదేమీ ఇవ్వలేదు, గట్టిగా బేరమాడాడు. నలభై మూడు వేలకి ఇచ్చారు, పైగా బ్యాగు, మౌస్ కొసరు. అంటే నా పాత లాప్‌టాప్‌కి వాళ్లు కట్టిన అసలు ధర వెయ్యి రూపాయలు. బ్యాగు, మౌస్ ఖరీదు తీసేస్తే అదీ లేదు. మిగతా నాలుగు వేలు ఎవరడిగినా తగ్గించేవే. అందులో ఉన్న నాలుగు జీబీ ర్యామ్, అయిదు వందల జీబీ హార్డ్ డిస్క్ విడిగా తీసి అమ్మినా అంతకన్నా ఎక్కువే వచ్చేది.

ఆ కన్సల్టెంటే బిల్లు చూసి ఇంకో మాట చెప్పాడు. ఎక్స్ఛేంజ్ తీసేశాక మిగిలిన సొమ్ము మీదే జీఎస్టీ పడుతుందని నేను అనుకున్నాను. కాదు. జీఎస్టీ నిబంధనల్లో 27వ రూల్ కింద ఉదాహరణే ఇచ్చారు: పాత ఫోను తీసుకుని కొత్తది ఇరవై వేలకి ఇచ్చారు, పాతది లేకుండా దాని ధర ఇరవై నాలుగు వేలు అనుకుంటే, పన్ను లెక్కకి విలువ ఇరవై నాలుగు వేలే. షాపువాడి దృష్టిలో మన పాత మిషన్ తగ్గింపు కాదు, డబ్బుకి బదులు మనం చెల్లించిన వస్తువు. వస్తువుతో చెల్లిస్తున్నామని తెలిశాక, దానికి ఎంత కడుతున్నాడో ముందే అడగాలన్న తెలివి వచ్చింది నాకు.

అప్పటినుంచి షాపులోకి వెళ్లగానే పాత మిషన్ ఊసెత్తను. ముందు కొత్తదాని ఆఖరి ధర మాట్లాడేస్తాను. అంతా తేలాక, "మా దగ్గర పాతదొకటి ఉంది, దానికెంత?" అంటాను. మొహాలు మారిపోతాయి. ఒకచోట సేల్స్‌మన్, "ముందే చెప్పాల్సింది సార్, ఎక్స్ఛేంజ్ బోనస్ ఈ ధర మీద వర్తించదు" అన్నాడు. నాకు కావాల్సిన సమాచారం అదే.

2017 కథ అక్కడితో అయిపోలేదు. దసరా వెళ్లి సంక్రాంతి వచ్చింది. ఒక రోజు తెలియని నంబర్ నుంచి ఫోన్. "అన్నా, నీ లాప్‌టాప్ నా దగ్గరున్నది. దీంట్ల మస్తు పెండ్లి పత్రికలున్నయి, ఫొటోలున్నయి. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" కరీంనగర్‌లో ఎవరో కుర్రాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. వాల్‌పేపర్ మీద మా సెంటర్ పేరు, నా మొబైల్ నంబర్ ఉన్నాయి కదా, చూసి చేశాడు. నాకు చెమటలు పట్టాయి. పత్రికలు పోతే పోనీ, అందులో కస్టమర్ల ఆధార్ స్కాన్లు ఉన్నాయి. ఇచ్చేముందు అవన్నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యాలనుకున్నాను, పండగ రద్దీలో మర్చిపోయాను. షోరూమ్‌వాళ్లు "డేటా అంతా మేమే తీసేస్తాం" అన్నారు, నేను నమ్మాను. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. ఫోన్లో చెబుతుంటే మొత్తం ఫార్మాట్ కొట్టాడు.

ఇప్పుడైతే ఇలా చేస్తాను. పాత హార్డ్ డిస్క్ అయితే విండోస్ రీసెట్‌లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుని, దాని సెట్టింగుల్లో "క్లీన్ డేటా" ఆన్ చేస్తాను. మామూలు డిలీట్, క్విక్ ఫార్మాట్ చేస్తే ఫైళ్ల జాబితా పోతుంది గానీ ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాడెవడైనా లాగగలడు. క్లీన్ డేటాకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్‌ల డిస్క్) అయితే ముందు డ్రైవ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం లేనివాళ్లు చదవలేకుండా మార్చి), ఆ తర్వాత రీసెట్ చేస్తాను. మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి ఆ పరికరాన్ని తీసేస్తాను. మాక్‌బుక్ ఉన్నవాళ్లు "ఫైండ్ మై" (పోయిన పరికరాన్ని వెతికే సదుపాయం) ఆపకుండా ఇస్తే, దాన్ని కొన్నవాడికి అది తెరుచుకోదు. ఈ పని జరిగిందో లేదో షాపువాడు చెక్ చేసేది వాడి కోసమే, మన డేటా కోసం కాదు.

మూడోసారి 2021లో. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అంత సాఫీగా జరిగింది. అమ్మాయి ఆర్కిటెక్చర్‌లో చేరింది, గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ కావాలంది. ఇంట్లో ఉన్నది మూడేళ్లది, ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, గీత కూడా పడలేదు. బిల్లు, ఛార్జర్, అట్టపెట్టె అన్నీ దాచి పెట్టింది మా ఆవిడ (అట్టపెట్టెలు అటక మీద ఎందుకని ఆమెతో నేను ఎన్నిసార్లు గొడవ పడ్డానో). ఆన్‌లైన్‌లో పద్నాలుగు వేలు చూపించింది. వచ్చిన కుర్రాడు పది నిమిషాలు చూసి అదే పద్నాలుగు వేలకి తీసుకెళ్లాడు. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి పని, చిప్‌ల కొరత అన్నీ ఒక్కసారే వచ్చిన కాలం అది. పాత లాప్‌టాప్‌లకి గిరాకీ ఉంది. వాడికీ గిట్టింది, నాకూ గిట్టింది.

ఆ అనుభవంతో 2025 అక్టోబర్‌లో ధీమాగా వెళ్లాను. ఆ నెల 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు అయిపోయాయి. 2017 దసరా లాప్‌టాప్‌లో ఏడో తరం ప్రాసెసర్, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. మధ్యలో దానికి ఎస్‌ఎస్‌డీ, ఎనిమిది జీబీ ర్యామ్ వేయించాను, పనికి ఏ లోటూ లేదు. అయినా టెన్షన్ పట్టుకుంది.

ఎక్స్ఛేంజ్ యాప్‌లో ప్రశ్నలకి నిజాయితీగానే జవాబులిచ్చాను. ఆన్ అవుతుందా? అవుతుంది. తెర పగిలిందా? లేదు. ఛార్జర్ ఉందా? ఉంది. తొమ్మిది వేల ఎనిమిది వందలు అంది. కొత్తది తెచ్చిన రోజే పాతది చూడటానికి ఇంకో కుర్రాడు వచ్చాడు. తెర మీద తెల్లరంగు వేసి ఒక మూల మచ్చ ఉందన్నాడు. మూత తెరిచి మూసి, కీలు వదులుగా ఉందన్నాడు. ఒక కమాండ్ కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీశాడు. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్) 41 వేల మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 17 వేలు. అంటే సగం కూడా లేదు. అంతా ఫోన్లో నొక్కాడు. తొమ్మిది వేల ఎనిమిది వందలు కాస్తా అయిదు వేల మూడు వందలైంది.

"తమ్మీ, ఇవన్నీ ఫారంలో ఎందుకు అడగలేదు?" అన్నాను. "నా చేతిలో ఏం లేదు సార్, యాప్ చెప్పిందే" అన్నాడు. వాడిని అని లాభం లేదు, వాడు ఇంకో ఏడిళ్లు తిరగాలి. తేడా నాలుగున్నర వేలు ఇప్పుడే కడతారా, ఎక్స్ఛేంజ్ రద్దు చేసి మొత్తం కడతారా అని యాప్ అడుగుతోంది. కొత్త పెట్టె గుమ్మంలో ఉంది. పనులు ఆగి ఉన్నాయి. ఈ స్థితిలో చాలామంది సరేలే అని కట్టేస్తారు, ఆ లెక్కంతా దాని మీదే నడుస్తుందని నా అనుమానం. ఇంకో షరతు కూడా ఉంది: కొత్తది నచ్చక వెనక్కిచ్చినా పాతది తిరిగి రాదు.

నేను రద్దు చేశాను. మొత్తం కట్టాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత తెలిసిన విషయం ఇంకోటి. విండోస్ 10 వాడేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, నమోదు చేసుకుంటే చాలు. సెట్టింగులు ఖాతాకి బ్యాకప్ చేసుకుంటే డబ్బు కూడా కట్టక్కర్లేదు. కొత్తవి అమ్మేవాళ్లెవరూ నాకు ఈ మాట చెప్పలేదు, చెప్పరు కూడా. పాత లాప్‌టాప్‌ని పద్ధతి ప్రకారం ఖాళీ చేసి, చౌరస్తా దగ్గర మాకు రిపేర్లు చేసే అతనికి చూపించాను. ఏడున్నర వేలు చేతిలో పెట్టాడు. "ర్యామ్ రేట్లు పెరిగినయ్ సార్, ఎనిమిది జీబీ ఉన్నందుకే ఇంత ఇస్తున్న" అన్నాడు. నిజమే, ఆ నెలల్లో మెమరీ ధరలు అలాగే ఎగబాకాయి. యాప్‌కి మాత్రం ఆ పట్టింపు ఉన్నట్టు లేదు.

ఇంతకీ కొత్తగా వెళ్లేవాళ్లకి నా మాట. మిషన్ మూడు నాలుగేళ్ల లోపుదై, బ్యాటరీ బాగుండి, బిల్లు, ఛార్జర్ ఉంటే ఎక్స్ఛేంజ్ మంచిదే, ఎవరికి అమ్మాలి, డబ్బు ఎప్పుడిస్తాడు అన్న బాధ ఉండదు. యాప్‌లో ధర చూసేముందే బ్యాటరీ రిపోర్ట్ మీరే తీసుకోండి. ఎక్స్ఛేంజ్ లేకుండా అదే షాపులో ధరెంతో కాగితం మీద రాయించుకోండి. అసెంబుల్డ్ డెస్క్‌టాప్ అయితే అసలు ఆ దారి పట్టకండి. నేను చూసిన యాప్‌లలో దానికి గడే లేదు, షాపులో అడిగితే తూకం మాట చెబుతారు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి పవర్ సప్లై ఉంటే విడిగా తీసేయండి.

పూర్తిగా చచ్చిపోయినవి ఇనుప సామాన్ల బండికి వెయ్యకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, తయారుచేసే కంపెనీలే రిజిస్టరైన రీసైక్లర్ల ద్వారా నిర్ణీత మేర రీసైక్లింగ్ చేయించాలి. అందుకే చాలా కంపెనీలు పాతవి తీసుకోవడానికి ఏర్పాట్లు పెట్టాయి. పైసా రాకపోయినా నేను ఇప్పుడు అలాగే ఇస్తున్నాను. ఆ కాలువ పక్కన చూసింది మర్చిపోలేదు.

నా దగ్గర ఒక్కటి మాత్రం ఏ ఎక్స్ఛేంజ్‌కీ వెళ్లదు. 2014లో సీటీసీలో కొన్న ఐ3 డబ్బా ఇంకా బల్ల కింద ఉంది. విండోస్ 7, పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, పాత పద్ధతి తెలుగు అక్షరాల అను ఫాంట్లు. నెట్ తీసేశాను. పాత మ్యాటరంతా అందులోనే ఉంది. ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్ అక్షరాల్లోకి మారిస్తే ఒత్తులు చెదిరి, మళ్లీ ప్రూఫు దిద్దుకోవాలి. పోయిన నెల ఒకాయన వచ్చి, 2009లో తన పెళ్లి పత్రిక మా దగ్గరే వేయించానని చెప్పాడు. ఫైలు తీస్తే ఉంది. వాళ్లమ్మాయి ఓణీ ఫంక్షన్ కార్డుకి తాతల పేర్లు, ఇంటిపేర్లు అందులోంచే తీసుకున్నాం. ఒక్క ఊరి పేరు మాత్రం మార్చమన్నాడు, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నారట.