సెర్న్ ఉచిత టూర్: నీలం అయస్కాంతం ముందు నా పాత లెక్క

జెనీవా స్టేషన్లో 18వ నంబరు ట్రామ్ ఎక్కి చివరి స్టాప్‌లో దిగితే సెర్న్, అంటే కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం. గైడెడ్ టూర్ ఫ్రీ. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశి ఇంటూ వేగం, అంతే అని డిగ్రీలో బట్టీపట్టిన వాణ్ని. ఆ పొడవాటి నీలం అయస్కాంతం ముందు నా లెక్క తప్పింది. కణాలను తిప్పే 27 కిలోమీటర్ల సొరంగం రింగులోకి వచ్చేసరికే ప్రోటాన్ కాంతివేగంలో 99.999 శాతం దాటేసి ఉంటుంది. అక్కడ శక్తిని 450 నుంచి 6,800 జీఈవీకి (కణాల శక్తిని కొలిచే యూనిట్) పెంచితే వేగం వెంట్రుకవాసి పెరుగుతుంది, ద్రవ్యవేగం మాత్రం ఏకంగా 15 రెట్లు! కాంతివేగం దగ్గర నా పాత సూత్రం పనిచేయదు మరి. ఆ ప్రోటాన్‌ని గుండ్రటి దారిలో వంచి ఉంచాలంటే అయస్కాంత క్షేత్రాన్నీ అన్ని రెట్లు పెంచాల్సిందే. (మా ఆవిడకి ఈ లెక్క ట్రామ్‌లో రెండుసార్లు చెప్పా, పాపం.) మెషీన్ నడుస్తుంటే సొరంగంలోకి పంపరు, ఆ ఆశ పెట్టుకోకండి. పిల్లలుంటే అక్కడి సైన్స్ ప్రదర్శనశాల సైన్స్ గేట్‌వేకి ఒక పూట కేటాయించండి. దానికి సోమవారం సెలవు.