వైట్ టీస్ అని డబ్బు తీసుకుని ఎల్లో మీద ఆడించారు: గోల్ఫ్ ప్యాకేజీ కొనేవాళ్ళు జాగ్రత్త

శనివారం జరిగింది. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. స్కాట్లండ్ లింక్స్ (సముద్రపు ఒడ్డు గోల్ఫ్ కోర్సుల) ప్యాకేజీలు మన తెలుగు గ్రూపుల్లో ఎవరు అమ్ముతున్నారో యూకేలో గోల్ఫ్ ఆడేవాళ్ళకి తెలుసు. పేరు రాయను.

నలుగురం, రెండు రౌండ్లు. "వైట్ టీస్ నుంచి ఆడిస్తాం" (టీ అంటే ప్రతి హోల్‌కీ మొదటి దెబ్బ కొట్టే చోటు, దాన్ని రంగు మార్కర్లతో గుర్తిస్తారు) అని ఆ అమ్మినాయన మనిషికి 60 పౌండ్లు అదనంగా తీసుకున్నాడు. మొదటి టీ దగ్గర స్టార్టర్ (ఆట మొదలుపెట్టించే క్లబ్ మనిషి) స్కోర్‌కార్డ్ తీసి, పెన్సిల్‌తో పసుపు వరస చూపించి, విజిటర్లందరూ ఎల్లో నుంచే ఆడాలన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే తెల్ల టీ మీద అసలు మార్కర్లే లేవు. గడ్డిలో ఒక చిన్న చెక్క బోర్డు, దాని మీద పోటీల రోజు మాత్రమే అని ఉంది. అక్కడి నుంచే అమ్మినాయనకి ఫోన్ చేశాం. ఆయన అన్న మాట ఇది: "ఏ రంగైతే ఏముందండీ, బంతి పడేది అదే గుంటలో కదా. ఆడుకోండి." డబ్బు సంగతి ఎత్తితే, "గోల్ఫ్ ఆడేవాళ్ళు అరవై పౌండ్లకి గొడవ పడతారా?" అని ఫోన్ పెట్టేశాడు.

డబ్బు పోతే పోయింది. ఆ మాట మాత్రం మింగుడు పడటం లేదు. ఏ రంగైతే ఏముంది అన్నాడు కదా, ఏముందో చెప్తాను.

ముందుగా, టీ మార్కర్ రంగులకి ప్రపంచమంతటికీ ఒకే లెక్క లేదు. గోల్ఫ్ రూల్స్‌లో ఎక్కడా తెలుపు అంటే ఇది, నీలం అంటే ఇది అని రాసి ఉండదు. ఏ రంగు పెట్టుకోవాలన్నది క్లబ్ ఇష్టం. అమెరికాలో ఎక్కువగా నలుపు లేదా నీలం వెనక, తెలుపు మధ్యలో, బంగారు రంగు లేదా ఆకుపచ్చ సీనియర్లకి, ఎరుపు అన్నిటికంటే ముందు. బ్రిటన్‌లో అలా కాదు. ఇక్కడ చాలా క్లబ్బుల్లో తెలుపు అంటే పోటీల టీ, మెడల్ టీ అంటారు. మామూలు రోజుల్లో మగవాళ్ళు, విజిటర్లు ఆడేది పసుపు మీద. అమెరికాలో ఆడి వచ్చినవాళ్ళు "వైట్ అంటే మామూలు టీయే కదా" అనుకుంటారు. అమ్మేవాడు పట్టుకున్నది సరిగ్గా ఆ అలవాటునే. విజిటర్లకి తెరవని టీని "స్పెషల్" అని ధర కట్టి అమ్మాడు.

ఎరుపు అంటే ఆడవాళ్ళ టీ అనడం కూడా పాత మాట. అది ముందు టీ, అంతే. ఎవరైనా ఆడొచ్చు. ఒకే టీకి మగవాళ్ళకి ఒక రేటింగ్ (కష్టాన్ని చెప్పే అంకె), ఆడవాళ్ళకి ఒక రేటింగ్ విడిగా ఇస్తారు, కార్డు మీద రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

అసలు నష్టం హ్యాండిక్యాప్ దగ్గర, అంటే ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులోంచి తీసేసే స్ట్రోకుల (దెబ్బల) లెక్క దగ్గర. ఆయన పంపిన షీట్‌లో మా నలుగురి కోర్స్ హ్యాండిక్యాప్‌లూ తెల్ల టీ లెక్కన వేసి ఉన్నాయి. ఆడింది పసుపు మీద. లెక్క ఇలా వేస్తారు: మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ని (ఏ కోర్స్‌కైనా తీసుకెళ్ళే మీ స్థాయి అంకె) ఆ టీ స్లోప్ రేటింగ్‌తో (మామూలు ఆటగాడికి ఆ టీ ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకె) గుణించి, 113తో భాగించి, వచ్చినదానికి కోర్స్ రేటింగ్ (నిపుణుడికి అయ్యే అంచనా స్ట్రోకులు) నుంచి పార్ (కోర్స్‌కి పెట్టిన ప్రామాణిక స్ట్రోకులు) తీసేస్తే వచ్చే తేడాని కలపాలి. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 ప్రామాణికం. ఉదాహరణకి ఇండెక్స్ 18.0, పార్ 71 అనుకోండి. తెల్ల టీ కోర్స్ రేటింగ్ 71.8, స్లోప్ 130 అయితే 20.7కి 0.8 కలిసి 21.5 దాటుతుంది, అంటే 22 స్ట్రోకులు. పసుపు టీ 70.1, స్లోప్ 124 అయితే 19.75 నుంచి 0.9 పోయి 19. ఒకే మనిషి, ఒకే కోర్స్, రంగు మారితే మూడు స్ట్రోకుల తేడా. హ్యాండిక్యాప్ తీసేశాక మిగిలే మా నెట్ స్కోర్లన్నీ తప్పే. సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కూర్చుని మళ్ళీ మొదటి నుంచి లెక్క వేసుకున్నాం. స్లోప్ ఒక్కటే చూసి వదిలేయకండి. 2024 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో కూడా రేటింగ్‌కీ పార్‌కీ ఉన్న తేడాని కలుపుతున్నారు, అంతకుముందు కలిపేవాళ్ళు కాదు. పాత షీట్ పంపితే అక్కడ కూడా తప్పొస్తుంది.

ఇక డబ్బు ఇచ్చాం కదా అని పంతానికి వెళ్ళి వెనక టీ నుంచి కొడితే? స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) మీ రౌండ్‌కి పెట్టిన టీయింగ్ ఏరియా బయటి నుంచి కొడితే రెండు పెనాల్టీ స్ట్రోకులు. ఆ దెబ్బ లెక్కలోకి రాదు, సరైన చోటి నుంచి మళ్ళీ కొట్టాలి. సరిదిద్దుకోకుండా తర్వాతి హోల్ మొదలుపెడితే పోటీ నుంచే అవుట్. మ్యాచ్ ప్లేలో (హోల్‌కి హోల్ గెలుపోటములు చూసే పోటీలో) పెనాల్టీ లేదు గానీ అవతలివాళ్ళు వెంటనే ఆ దెబ్బని రద్దు చేయించొచ్చు. టీయింగ్ ఏరియా అంటే రెండు మార్కర్ల ముందు అంచుల్ని కలిపే గీత నుంచి వెనక్కి రెండు క్లబ్‌ల (గోల్ఫ్ కర్రల) లోతు. క్లబ్ అంటే పటర్ (బంతిని గుంటలోకి దొర్లించే కర్ర) కాకుండా మీ బ్యాగులో అన్నిటికంటే పొడవైనది. కాళ్ళు బయట ఉండొచ్చు, బంతి మాత్రం లోపల ఉండాలి. గడ్డి పాడవకుండా మార్కర్లని రోజూ జరుపుతుంటారు కాబట్టి నేలలో పాతిన దూరం పలకని చూసి టీ పెట్టకండి, ఆ రోజు మార్కర్లు ఎక్కడున్నాయో అక్కడే.

టీ రంగుల్ని మైదానంలోని మిగతా రంగులతో కలపకండి. ఎరుపు, పసుపు కర్రలు పెనాల్టీ ఏరియా (నీటి గుంటల్లాంటి చోట్ల) గుర్తులు. తెల్ల కర్రలు అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే కోర్స్ హద్దు. ఇవి రూల్స్‌లో ఉన్నవి, టీ రంగులతో వీటికి సంబంధమే లేదు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో బెత్‌పేజ్‌లో అయితే రంగులు కోర్సుల పేర్లే: బ్లాక్, రెడ్, బ్లూ, గ్రీన్, యెల్లో అని ఐదు విడివిడి కోర్సులు. 2002, 2009 యూఎస్ ఓపెన్‌లు జరిగింది బ్లాక్ మీద. బాగా ఆడేవాళ్ళకే సిఫార్సు చేస్తామని మొదటి టీ దగ్గరే హెచ్చరిక బోర్డు ఉంటుంది, కార్ట్ ఇవ్వరు, నడవాలి. అక్కడ "రెడ్" బుక్ చేస్తే ముందు టీ కాదు, వేరే కోర్స్ వస్తుంది. న్యూజెర్సీ మిత్రులు గుర్తుంచుకోండి.

ఇప్పుడాయన పోర్చుగల్ ప్యాకేజీ కూడా మొదలుపెట్టాడట. అక్కడి కార్డుల మీద దూరాలు మీటర్లలో ఉంటాయి. 5,900 అని చూసి చిన్న కోర్స్ అనుకోకండి, గజాల్లో అది 6,450 పైమాటే.

రంగు పక్కన పెట్టి దూరం చూసి టీ ఎంచుకోండి. డ్రైవర్‌తో (దూరం కొట్టే కర్రతో) మీ దెబ్బ సగటున 250 గజాలు వెళ్తే 6,200 నుంచి 6,400 గజాల కోర్స్ సరిపోతుంది. 225 అయితే 5,800–6,000. 200 అయితే 5,200–5,400. అమెరికాలో 2011లో ముందు టీల నుంచి ఆడమని ప్రచారం మొదలైనప్పుడు ఇచ్చిన పట్టిక ఇదే. నిజం చెప్పాలంటే మా నలుగురిలో ఇద్దరికి పసుపు టీయే సరైనది. కానీ అది మేం తెలిసి ఎంచుకోవాల్సింది, డబ్బు తీసుకుని మోసం చేసి ఎంచిపెట్టడం కాదు.

తప్పు నాది కూడా ఉంది. మనవాడే కదా అని బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశాను. మనిషికి వంద పౌండ్లు దాటే ప్యాకేజీ, క్రెడిట్ కార్డ్ మీద కట్టి ఉంటే యూకే కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకునే అడిగే దారి ఉండేది. పదిహేనేళ్ళుగా ఆడుతూ కూడా స్కోర్‌కార్డ్ ఫొటో ముందే అడగలేదు.

మీరు అడగండి. విజిటర్లు ఏ టీ నుంచి ఆడాలో క్లబ్ ప్రో షాప్‌కే (క్లబ్‌లోని గోల్ఫ్ దుకాణానికే) ఫోన్ చేసి కనుక్కోండి, రెండు నిమిషాల పని. అమ్మేవాళ్ళ దగ్గర టీ రంగు, మొత్తం గజాలు, కోర్స్ రేటింగ్, స్లోప్ రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.