మా ఊరి కుళాయి నీళ్ళు: పన్నెండేళ్ళు తాగాక చెప్తున్నా

భీమవరం నుంచి బస్సెక్కితే అరగంట, చిన్న మున్సిపాలిటీ మాది, పేరెందుకులెండి, డెల్టాలో సగం ఊళ్ళ కథ ఇదే. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ముందు కుళాయి నీళ్ళు తాగాం, తర్వాత నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని తీసేసే ఆర్వో మెషీన్ పెట్టించాం, మధ్యలో టిన్ను నీళ్ళు కూడా అయ్యాయి, తిరిగి తిరిగి మళ్ళీ కుళాయి దగ్గరికే వచ్చాం.

నీళ్ళు గోదారివే. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచి కాలవలే మాకు గతి. విజ్జేశ్వరం వైపు నుంచి వచ్చే కాలవ నీళ్ళని మా ఊరి చెరువులోకి ఎక్కించి, పటికేసి తేర్చి, ఫిల్టర్ చేసి, బ్లీచింగ్ కలిపి ట్యాంకుకి ఎక్కిస్తారు. పొద్దున గంట, సాయంత్రం ముప్పావుగంట, అంతే. బోరుంది కదా అంటారేమో, మా బోరు నీళ్ళలో టీడీఎస్ మీటర్ (లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపించేది) పెడితే 2,300 చూపించింది, కందిపప్పు గంటసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, సబ్బు నురగ రాదు. కుళాయి నీళ్ళు 170. అందుకే మా వైపు కుళాయి నీళ్ళనే మంచినీళ్ళంటాం, బోరువి వాడుక నీళ్ళు.

జులై ఆగస్టుల్లో వరదకి ఎర్రనీళ్ళొస్తాయి, ఎంత ఫిల్టర్ చేసినా బిందె అడుగున పల్చగా ఒండ్రు పేరుతుంది. మా నాయనమ్మ అయితే ఇండుపగింజ అరగదీసి వేసేది, పొద్దుటికి తేరిపోయేవి. ఆ ఒండ్రు చూడ్డానికే అసహ్యం గానీ నేను పెద్దగా పట్టించుకోను. బ్లీచింగ్ వాసన వస్తోందని మొదట్లో నేనే గొణిగేవాణ్ణి. కుళాయి దగ్గరికి వచ్చేసరికి కూడా బ్లీచింగ్‌లో క్రిముల్ని చంపే క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలట, ఇప్పుడు వాసన రాని రోజే నాకు అనుమానం.

ఇక ఆర్వో సంగతి. ఒకాయన ఇంటికొచ్చి రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో ఆయన మెషీన్ నీళ్ళు పోసి, కడ్డీలున్న ఓ డబ్బా వాటిలో ముంచి ప్లగ్గు పెట్టాడు. నిమిషంలో మా గ్లాసు బురదగుంట అయిపోయింది, ఆయన గ్లాసు తెల్లగా అలాగే ఉంది. మా ఆవిడ నోటిమీద చెయ్యేసుకుంది, పిల్లలకి ఇన్నాళ్ళూ ఇదా పోశాం అని. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాం. నాలుగేళ్ళు తాగాం ఆ చప్పటి నీళ్ళు, మీటర్ 15 చూపించేది, లీటరు మంచివి వస్తే మూడు లీటర్లు పక్క పైపులోంచి పోయేవి, ఫిల్టర్లూ సర్వీసూ అని ఏటా వేలల్లో వదిలేది.

తర్వాత మా బావ, హైస్కూల్లో సైన్స్ చెప్తాడు, అదే డబ్బా ఎక్కడో సంపాదించుకొచ్చి ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పేసి కడ్డీలు ముంచాడు. సేమ్ బురద! ఆ బురద నీళ్ళలోది కాదండీ, ఇనప కడ్డీ కరిగి వచ్చేది. నీళ్ళలో లవణాలు బొత్తిగా తక్కువైతే కరెంటు సరిగా పారదు కాబట్టి మెషీన్ నీళ్ళు తెల్లగా ఉంటాయి, అంతే మాయ. ఐఎస్ 10500 అని తాగునీటికి మన దేశం లెక్క ఒకటుంది, దాని ప్రకారం టీడీఎస్ 500 దాకా నిక్షేపంగా తాగొచ్చు. 170 ఉన్న నీళ్ళకి మేం ఆర్వో పెట్టామన్నమాట.

సరే, అయితే కుళాయి నీళ్ళు బంగారమా అంటే అదీ కాదు. ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో వదిలేదాకా చెరువులో నిలవున్న నీళ్ళే, రోజురోజుకీ పచ్చబడి నాచు కంపు. రెండేళ్ళ కిందట మే నెలలో మా వీధిలో వరసగా నాలుగిళ్ళలో వాంతులు, విరోచనాలు, మా చిన్నోడికి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. మీటర్ పెట్టి చూస్తే 182, ఎప్పటిలాగే. బావ ఒక చిన్న సీసా ఇచ్చాడు, హెచ్‌టూఎస్ టెస్టంటారు, అందులో గీత దాకా కుళాయి నీళ్ళు పట్టి మూతేసి అలమరలో పెట్టాను. పొద్దున్నే చూస్తే కాటుకలా నల్లగా ఉంది. నీళ్ళలో మురుగు క్రిములు కలిస్తే అలా నల్లబడుతుందట. మీటర్ చూపించేది కరిగిన ఉప్పుల్నే, క్రిముల సంగతి దానికి తెలీదు, అప్పటిదాకా నాకూ తెలీదు.

తవ్వి చూస్తే మా వీధి చివర డ్రెయిను కిందనుంచి పోయే పైపుకి జాయింటు దగ్గర చిల్లు. నీళ్ళు వదిలిన కాసేపూ పైపు నిండుగా ఉంటుంది, మిగతా రోజంతా ఖాళీగా పడుంటుంది, ఆ ఖాళీలోకి బయటి మురుగు లాక్కుంటుంది. చెరువు దగ్గర ఎంత శుభ్రం చేసి ఏం లాభం చెప్పండి. మూడు వారాలు తిరిగితే గానీ బాగుచెయ్యలేదు.

ఏలూరులో 2020 డిసెంబర్లో వందలమంది ఫిట్సొచ్చి పడిపోయినప్పుడు ఇక్కడ కూడా భయపడి చాలామంది టీడీఎస్ మీటర్లు కొన్నారు. అక్కడ రక్తంలో బయటపడ్డది సీసం, నికెల్. అవి ఉన్నా ఆ మీటర్లో అంకె మారదండీ, రొయ్యల చెరువుల మందులూ, చేల పురుగుమందులూ అంతే, ల్యాబుకి ఇవ్వాల్సిందే.

ఇప్పుడు మేం చేసేది, నీళ్ళు రాగానే మొదటి రెండు బిందెలూ మొక్కలకి, తర్వాత పట్టిన నీళ్ళు తెర్లకాచి గుడ్డతో వడకట్టి కుండలో. నెలకోసారి సీసా టెస్టు. కాలవలు కట్టేసినప్పుడు మాత్రం టిన్ను, దాన్ని కూడా ఒకసారి సీసాలో పట్టి చూసుకున్నాకే.

మార్కులంటారా, జులై నుంచి మార్చి దాకా పదికి ఏడు, ఆ ఎండాకాలానికి మూడు. ఆర్వో మెషీన్ అటకెక్కింది. మీటర్ మా బావమరిది పట్టుకెళ్ళాడు, రొయ్యల చెరువులో ఉప్పు చూసుకోడానికట.